నెల్లూరుకు విమానంలో వచ్చేవాళ్లకు: ఎక్కడ దిగాలి, హోటల్ గదికి ఎలా చేరాలి

నెల్లూరులో హోటల్ గది బుక్ చేసుకున్న చుట్టాలు, స్నేహితులు నన్ను ముందుగా అడిగే మాట ఒకటే. "ఎయిర్‌పోర్టు నుంచి హోటల్ ఎంత దూరం?" జవాబు చెప్పగానే కాసేపు ఫోన్లో అవతలి నుంచి మాట రాదు. నెల్లూరులో ఎయిర్‌పోర్టు లేదు. దగదర్తి దగ్గర కడతామని 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు. మనం మాత్రం ఇంకా చెన్నైలోనో, తిరుపతి దగ్గరి రేణిగుంటలోనో, విజయవాడ దగ్గరి గన్నవరంలోనో దిగి రావాల్సిందే.

మా ఇంట్లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వచ్చేవాళ్ల రాకపోకల బాధ్యత చాలా ఏళ్లుగా నాదే. మస్కట్ నుంచి, అమెరికా నుంచి, బెంగళూరు నుంచి వచ్చే వాళ్లందరినీ ఏదో ఒక దారిన ఊళ్లోకి చేర్చాను. అందరూ విమానం టికెట్ ధర దగ్గర వందా రెండొందలూ గీసి గీసి చూస్తారు. దిగిన తరువాత నెల్లూరు దాకా పట్టే ఖర్చూ, ఒళ్లు హూనమయ్యే సంగతీ లెక్కలో వేసుకోరు. దూరం కన్నా, ధర కన్నా ముందు చూడాల్సింది విమానం దిగే వేళ. పగలు దిగేవాళ్లకు ఒక దారి మంచిది, అర్ధరాత్రి దిగేవాళ్లకు వేరే దారి. పక్కన పెద్దవాళ్లుంటే లెక్క మళ్లీ మారుతుంది.

దూరాలు చెప్పుకుందాం. చెన్నై ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాకం నుంచి నెల్లూరుకు రోడ్డు మీద 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రేణిగుంట నుంచి 125 అటూఇటూ. గన్నవరం నుంచి 280 పైనే, కాబట్టి నెల్లూరు వచ్చేవాళ్లు దాన్ని మరిచిపోవచ్చు, అది ఒంగోలు వాళ్ల దారి. మ్యాపులో చూస్తే రేణిగుంటే దగ్గర. కానీ అక్కడికి వచ్చే విమానాలు తక్కువ, అవీ ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు లాంటి ఊళ్ల నుంచి. విదేశాల నుంచి వచ్చే మనవాళ్లలో ఎక్కువమందికి చెన్నైయే గతి.

చెన్నైలో పగలు దిగితే

ఉదయం ఆరు నుంచి సాయంత్రం నాలుగు లోపు చెన్నైలో దిగి, చేతిలో ఒకటి రెండు పెట్టెలే ఉంటే కారు జోలికి పోవద్దు. మెట్రో ఎక్కి సెంట్రల్, అక్కడి నుంచి రైలు. ఇంతకన్నా తక్కువ ఖర్చుతో, తక్కువ అలసటతో నెల్లూరు చేరే దారి ఇంకొకటి లేదు.

మెట్రో స్టేషన్ ఎయిర్‌పోర్టు ఆవరణలోనే ఉంది. టెర్మినల్ నుంచి పైదారిన నడుచుకుంటూ పోవచ్చు, ఎండలోకి రావాల్సిన పని లేదు. నీలం లైను రైలు ఎక్కితే ఎక్కడా మారకుండా సెంట్రల్‌లో దిగుతారు. ముప్పావు గంటకు మించదు, టికెట్ రూ.40 ప్రాంతంలో ఉంటుంది. దారిలో ఆలందూరు వస్తుంది. అక్కడ ఆకుపచ్చ లైనుకు మారమని ఎవరైనా చెబితే వినకండి. అదీ సెంట్రల్‌కే పోతుంది గానీ కోయంబేడు చుట్టి పోతుంది. సెంట్రల్ మెట్రోలో దిగి పైకి వస్తే పెద్ద స్టేషను పక్కనే. రైల్వే యాప్‌లో వెతికేటప్పుడు దాని పేరు ఎంజీఆర్ చెన్నై సెంట్రల్ అని ఉంటుంది, కంగారుపడకండి.

మెట్రో వద్దనుకుంటే ఎయిర్‌పోర్టు ఎదురుగానే తిరుశూలం లోకల్ స్టేషన్ ఉంది. రోడ్డు దాటితే చాలు. చెన్నై బీచ్ స్టేషన్ వైపు వెళ్లే లోకల్ ఎక్కి పార్క్ స్టేషన్‌లో దిగితే సబ్‌వే గుండా సెంట్రల్‌కు నడిచిపోవచ్చు. టికెట్ చాలా చవక. కానీ ఆఫీసుల వేళ పెద్ద పెట్టెతో ఆ లోకల్ ఎక్కడం మనవల్ల కాదు. ఒక్క బ్యాగు తగిలించుకుని వచ్చే కుర్రాళ్లకు సరిపోతుంది.

సెంట్రల్ నుంచి నెల్లూరుకు రైలు దారి 176 కిలోమీటర్లు. మంచి బండి అయితే రెండున్నర గంటలు, మామూలుగా మూడు. ఉదయం ఏడు దాటాక విజయవాడ జనశతాబ్ది ఉంటుంది, అది వారంలో ఒకరోజు నడవదు. మధ్యాహ్నం రెండు దాటాక పినాకిని. పినాకిని అంటే మన పెన్న, ఆ పేరుతో నడిచే బండి కాబట్టి మా ఊరివాళ్లకు దాని మీద కాస్త ఎక్కువ ప్రేమ. ఈ బండ్లలో మామూలు కూర్చునే సీటు నెల్లూరు దాకా నూటయాభై రూపాయల లోపే పడుతుంది. ఏసీ చెయిర్ కార్ అంతకు మూడింతలు అనుకోండి, అయినా కారు కిరాయితో పోలిస్తే అదెంత.

ఒక్క జాగ్రత్త. విమానం దిగే టైముకూ రైలు కదిలే టైముకూ మధ్య దేశంలోపలి విమానమైతే మూడు గంటలు, విదేశాల నుంచైతే నాలుగైదు గంటలు వదిలిపెట్టండి. ఇమిగ్రేషన్ క్యూ, సామాను బెల్టు దగ్గర నిలబడడం, కస్టమ్స్ అన్నీ కలిస్తే గంటన్నర ఇట్టే కరిగిపోతుంది. ఒకవేళ బండి తప్పిపోయినా టెన్షన్ పడకండి. చెన్నై నుంచి విజయవాడ వైపు వెళ్లే బండ్లు దాదాపు అన్నీ నెల్లూరు మీదుగానే పోతాయి, చాలావాటికి ఇక్కడ స్టాప్ ఉంది. జనరల్ టికెట్ తీసుకుని తరువాతి బండి ఎక్కినా మూడు గంటల సంగతే.

సాయంత్రం వచ్చేవాళ్లకు నేను చెప్పే చిట్కా ఒకటుంది, చాలామందికి తెలియదు. హైదరాబాద్ వెళ్లే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు తాంబరంలో బయలుదేరుతుంది. అది నెల్లూరులో ఆగుతుంది. తిరుశూలం నుంచి తాంబరం లోకల్లో నాలుగు స్టేషన్లే. సిటీ మొత్తం దాటి సెంట్రల్ దాకా పోకుండా వెనక్కి నాలుగు స్టేషన్లు వెళ్లి ఎక్కేస్తే, సిటీని రైలే దాటిస్తుంది. రిజర్వేషన్ చేసేటప్పుడు ఎక్కే స్టేషన్ తాంబరం అని పెట్టుకోవడం మాత్రం మరవకండి.

బస్సు సంగతి చెప్పాలి గానీ నాకు దాని మీద అంత మక్కువ లేదు. 2018 అక్టోబరు నుంచి ఆంధ్రా వైపు బస్సులకు మాధవరం బస్టాండు. ఇంకా కోయంబేడే అనుకుని అక్కడికి పోయి, మళ్లీ ఆటో మాట్లాడుకుని మాధవరం చేరినవాళ్లు మా చుట్టాల్లోనే ముగ్గురున్నారు. ఎయిర్‌పోర్టు ఊరికి ఒక కొసన, మాధవరం ఇంకో కొసన. అక్కడికి చేరడానికే గంటన్నర, ఆ తరువాత బస్సులో మూడున్నర, నాలుగు గంటలు. రైలు దొరకనప్పుడు, అంటే రాత్రి ఎనిమిదీ తొమ్మిదీ ఆ వేళకు దిగినప్పుడు ఇది పనికొస్తుంది.

అర్ధరాత్రి దిగేవాళ్లు

గల్ఫ్ విమానాలు చాలావరకు నిద్రపట్టే వేళకే దిగుతాయి. అప్పుడు మెట్రో ఉండదు, తెల్లవారి ఐదు దాకా ఆగాలి. ఒంటరిగా వచ్చే వయసు పిల్లలైతే ఎయిర్‌పోర్టులోనే కాఫీ తాగుతూ కూర్చుని, మొదటి మెట్రోలో సెంట్రల్ పోయి జనశతాబ్ది అందుకోవడం మంచిది. పదకొండు లోపు హోటల్లో స్నానం చేసి టిఫినుకు కూర్చోవచ్చు. పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు నేను ఆ మాట చెప్పను. వాళ్లకు కారే.

కారు రెండు రకాలు. చెన్నైలోనే ఒకవైపు డ్రాప్ టాక్సీ మాట్లాడుకోవడం ఒకటి, నెల్లూరు నుంచి మనకు తెలిసిన డ్రైవరును పంపించడం ఇంకొకటి. డ్రాప్ టాక్సీ వాళ్లు ఒకవైపుకే కిలోమీటరు లెక్కన తీసుకుంటారు. ఉదాహరణకు కిలోమీటరుకు రూ.14 అన్నారనుకుందాం, 190 కిలోమీటర్లకు రూ.2,660. దానికి డ్రైవరు బత్తా, టోల్ గేట్లు, పర్మిట్ కలపాలి. చెన్నై బైపాస్ నుంచి మొదలుపెట్టి నల్లూరు, బూదనం, వెంకటాచలం అంటూ టోల్ గేట్లు వస్తూనే ఉంటాయి. మొత్తం నాలుగు వేలకు దగ్గరపడుతుంది. నెల్లూరు కారుకైతే పోనూ రానూ 380 కిలోమీటర్లు లెక్క వేస్తారు. కిలోమీటరుకు రూ.12 అనుకున్నా రూ.4,560, పైన టోల్ రెండువైపులా. అంటే వెయ్యీ పదిహేను వందలూ తేడా.

ఆ తేడా పెట్టుకోవడమే మేలని నేను ఒక రాత్రి తెలుసుకున్నాను. మా పెద్దమ్మా పెదనాన్నా మస్కట్లో కొడుకు దగ్గర మూడు నెలలుండి తిరిగి వస్తున్నారు. రెండున్నరకు దిగారు. డబ్బు కలిసొస్తుందని నేనే చెన్నైలో డ్రాప్ టాక్సీ మాట్లాడిపెట్టాను. నాలుగున్నరకు పెదనాన్న ఫోన్. "అబ్బయా, కారు ఆపేశాడు. పర్మిటంట, పదిహేను వందలు ఇస్తేనే కదులుతాడంట. అతని మాట నాకు అర్థం కావడంలా." సరిహద్దు ఊరు తడకు ముందు, రోడ్డు పక్కన లారీల మధ్య. వెనక సీట్లో పెద్దమ్మ షుగరు మాత్ర వేసుకుని, చేతిలో ఉన్న బిస్కట్ పొట్లం విప్పలేక కూర్చుని ఉందట. మాట్లాడుకున్నప్పుడు 'అన్నీ కలిపి' అన్న మనిషి ఫోనే ఎత్తలేదు. నేను డ్రైవరుకు ఫోన్లో వచ్చీరాని తమిళంలో సర్దిచెప్పి, డబ్బు పంపేసరికి అరగంట పట్టింది. ఆరు దాటాక ఇల్లు చేరి పెద్దమ్మ నాతో ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి డ్రాప్ టాక్సీ మాట్లాడేటప్పుడు మూడు సంగతులు రాతలో తీసుకోండి, వాట్సాప్ మెసేజ్ అయినా సరే. కారుకు ఆలిండియా పర్మిట్ ఉందా లేక ఆంధ్రా పర్మిట్ విడిగా కట్టాలా, కడితే ఎవరు కట్టాలి. టోల్ కలిపేనా. నెల్లూరు అంటే ఊళ్లో హోటల్ గుమ్మం దాకానా, బైపాస్ దాకానా. చివరి ప్రశ్న చాలామంది అడగరు, దాని సంగతి కింద చెబుతాను. ఇంకొకటి, యాప్‌లో బుక్ చేసే కార్లు టెర్మినల్ గుమ్మం ముందుకు రావు, మల్టీ లెవెల్ కార్ పార్కింగ్ దగ్గర ఎక్కాలి. నడవలేనివాళ్లు వెంట ఉంటే ట్రాలీ వదలకండి.

నెల్లూరు కారు పంపేవాళ్లకూ ఒక మాట. విమానం రెండు గంటలకని డ్రైవరు రాత్రి పదికి ఇక్కడ బయలుదేరితే, తిరుగు ప్రయాణంలో నాలుగు గంటల వేళ గూడూరు దగ్గర అతని కళ్లు మూతలు పడతాయి. హైవే నున్నగా, తిన్నగా ఉంటుంది, అదే ప్రమాదం. సాయంత్రం ఆరుకే పంపించండి. అక్కడ పార్కింగ్‌లో మూడు నాలుగు గంటలు పడుకోమనండి. పార్కింగ్ డబ్బు, అతని భోజనం మీరు పెట్టుకోండి. వచ్చేటప్పుడు నాయుడుపేట దగ్గర తప్పకుండా ఆపించి టీ తాగించండి. నేను ఇప్పుడు ఎవరికి కారు పంపినా ఈ షరతు లేకుండా పంపను.

రేణిగుంట దారి

హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు ఇది బాగుంటుంది. ఎయిర్‌పోర్టు చిన్నది, దిగిన పావుగంటలో బయట ఉంటారు. కారులో శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రెండున్నర గంటలు. రాష్ట్రం దాటే పనిలేదు, పర్మిట్ గొడవ లేదు, డ్రైవరుతో తెలుగులో మాట్లాడుకోవచ్చు. వచ్చే దారిలో కాళహస్తీశ్వరుడి దర్శనం చేసుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. రాహుకేతు పూజ మొక్కు ఉన్నవాళ్లకు ఒక ప్రయాణం కలిసొస్తుంది.

కారు వద్దనుకుంటే తిరుపతి బస్టాండు నుంచి నెల్లూరుకు బస్సులు తరచుగా ఉంటాయి, శ్రీకాళహస్తి బస్టాండులోనూ పట్టుకోవచ్చు. నెల్లూరుకు రావడానికి పెట్టెలు మోసుకుని వెనక్కి తిరుపతి పోవడం ఎందుకని నాకనిపిస్తుంది, శ్రీకాళహస్తి దాకా టాక్సీ మాట్లాడుకుని అక్కడ బస్సెక్కడం సుఖం. రైలైతే రేణిగుంట జంక్షన్ దగ్గర్లోనే ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన చెన్నై, విజయవాడ వందేభారత్ రేణిగుంట మీదుగా చుట్టు తిరిగి నెల్లూరు వస్తుంది, కానీ అది తెల్లవారి చెన్నైలో బయలుదేరే బండి, మీ విమానం దిగేలోపే దాటిపోతుంది. తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్లే వందేభారత్ మధ్యాహ్నం పూట బయలుదేరుతుంది, ఉదయం విమానంలో దిగినవాళ్లు తిరుపతి వెళ్లి భోంచేసి దాన్ని ఎక్కవచ్చు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు అసలు విమానం ఎందుకు అని ఒక్కసారి ఆలోచించండి. శంషాబాద్ దాకా వెళ్లడం, గంటన్నర ముందు చేరడం, రేణిగుంటలో దిగి మళ్లీ రెండున్నర గంటలు. అన్నీ కలిపితే ఆరు గంటలు దాటుతుంది. ఉదయం సికింద్రాబాద్‌లో వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు నెల్లూరు స్టేషన్లో దిగుతారు. రాత్రి బండి కావాలంటే సింహపురి ఉంది. సింహపురి మా ఊరి పాత పేరే. విదేశాల నుంచి శంషాబాద్‌లో దిగి, కాస్త విశ్రాంతి తీసుకుని రావాలనుకునేవాళ్లకు కూడా నేను రాత్రి బండే చెబుతాను, పడుకుని రావచ్చు.

ఒంగోలు వెళ్లేవాళ్లయితే

వాళ్లకు గన్నవరం సరైనది, రోడ్డు మీద 165 కిలోమీటర్ల అటూఇటూ. చెన్నై నుంచి ఒంగోలు రైల్లోనే 290 పైన ఉంటుంది. గన్నవరంలో దిగి విజయవాడ స్టేషన్‌కు చేరితే ఒంగోలు రైల్లో 139 కిలోమీటర్లు, రెండు గంటల లోపే. విజయవాడ ఊరు దాటడమే ఇందులో చిక్కు. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం పూట ఇరుక్కుంటే గంట పోతుంది, కాబట్టి రైలుకు రెండున్నర గంటలైనా తేడా పెట్టుకోండి. కందుకూరు, కావలి వాళ్లు మాత్రం టికెట్ ధర, వేళ చూసుకుని గన్నవరమో చెన్నైయో ఎంచుకోవచ్చు, వాళ్లకు రెండూ ఇంచుమించు ఒకటే.

నెల్లూరు చేరాక ఎక్కడ దిగుతారు

రెండు వందల కిలోమీటర్లు సుఖంగా వచ్చి, చివరి ఐదు కిలోమీటర్ల దగ్గర ఏడిపించేది ఇక్కడే. చెన్నై నుంచి విజయవాడ, హైదరాబాద్ వెళ్లే ప్రైవేటు బస్సులు చాలావరకు ఊళ్లోకి రావు. చింతారెడ్డిపాలెం దగ్గరో, ఇంకెక్కడో హైవే మీదే దింపేసి పోతాయి. తెల్లవారి మూడున్నరకు అక్కడ ఇద్దరు ఆడవాళ్లు పెట్టెలతో దిగితే ఆటో అడిగినంత ఇవ్వాల్సిందే. బస్సు బుక్ చేసేటప్పుడు దిగే చోటు పేరు చదవండి, 'నెల్లూరు బైపాస్' అని ఉంటే ఇంకో బస్సు చూసుకోండి. ఆర్టీసీ బస్సయితే చాలావరకు బస్టాండులోకే వస్తుంది.

హోటల్ ఎక్కడ తీసుకోవాలన్నదీ దీన్ని బట్టే. రైల్లో వచ్చేవాళ్లు స్టేషన్ దగ్గరా ట్రంకు రోడ్డు మీదా తీసుకుంటే ఆటో ఐదు నిమిషాలే. బస్సులో వచ్చేవాళ్లకు బస్టాండు, దర్గామిట్ట చుట్టుపక్కల బాగుంటుంది. కారులో వచ్చి కారులోనే తిరిగేవాళ్లకు మినీ బైపాస్, మాగుంట లేఅవుట్ వైపు పార్కింగ్ సౌకర్యంగా ఉంటుంది. పొద్దున్నే కారం దోసె తినడానికి మాత్రం ఎక్కడున్నా ఊరి మధ్యకు రండి.

వానాకాలం మాట చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పట్టాలకు అటూ ఇటూ ఉన్న ఊరిని కలిపే అండర్ బ్రిడ్జిల్లో, మాగుంట లేఅవుట్ దగ్గరా రామలింగాపురం దగ్గరా నడుములోతు నీళ్లు నిలుస్తాయి. ఆ రోజుల్లో మీ పని ట్రంకు రోడ్డు వైపయితే హోటల్ కూడా అదే వైపు తీసుకోండి. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట, హైవే రెండూ కొట్టుకుపోయి ఒంగోలు వైపు రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 4న తుపాను దెబ్బకు చెన్నై ఎయిర్‌పోర్టునే మూసేశారు. ఆ నెలల్లో పెళ్లికి వచ్చేవాళ్లు ముహూర్తానికి ఒకరోజు ముందే దిగేలా టికెట్ తీసుకోండి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చేదే కొనండి.

రాత్రి విమానం దిగి తెల్లవారి ఐదింటికి హోటల్ చేరేవాళ్లు బయలుదేరకముందే హోటల్‌కు ఫోన్ చేయండి. గది లెక్క దిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలా, మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండా అని అడగండి. పన్నెండు లెక్క అయితే ముందు రోజు నుంచే గది తీసుకోవాలి, లేకపోతే అలసిపోయి వచ్చిన పెద్దవాళ్లు రిసెప్షన్ కుర్చీల్లో ఏడు గంటలు కూర్చోవాలి. రాత్రి తలుపు తీసే మనిషి పేరు, నంబరు కూడా తీసుకుని డ్రైవరు చేతిలో పెట్టండి.